కరిగినదానికి మేత

పడవ మునిగింది గట్టుకి పది బారల దూరంలోనే. మునిగింది అనడం కూడా పెద్ద మాటే. రామాంజనేయులు నాలుగో బస్తా మూతి విప్పి, పడవ తోసే గెడ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుందామని కుడికాలి మీద బరువు వేశాడు. ఇనప పడవ మర్యాదగా కుడిపక్కకి ఒరిగి, అతన్నీ నాలుగు బస్తాల తవుడునీ నీళ్ళలో దింపేసి, తనమటుకు తను మళ్ళీ నిటారుగా నిలబడింది. నీళ్ళు రొమ్ము దాకానే ఉన్నాయి కాబట్టి మనిషికేమీ కాలేదు. తవుడు మాత్రం చెరువులో ఓ మూల చాపలా పరుచుకుంది. పన్నెండెకరాల్లోని చేపలన్నీ పిలవని పేరంటానికి వచ్చినట్టు ఆ మూలకే వచ్చాయి.

గట్టు మీద నిలబడి చూస్తున్న బసవయ్య నవ్వలేదు. ఆ చేపల చెరువులో సగం అతనిది. రామాంజనేయులి భార్య వీరమ్మకి వరసకి అన్న. మనిషి సన్నగా, పొడుగ్గా ఉంటాడు. చేప కూడా తనలాగే తక్కువ తిని ఎక్కువ కాలం బతకాలని అతని కోరిక.

"నెల్లో ఇది మూడోసారి బావా," అన్నాడు.

"పడవకి పాచి పట్టింది. కాలు జారింది," అన్నాడు రామాంజనేయులు గడ్డానికంటిన తవుడు తుడుచుకుంటూ.

"ఆడలేక మద్దెల ఓడన్నాడంట. పడవకి పాచి పట్టలా. నీకు కొవ్వు పట్టింది."

ఆ రోజే శాంపిల్ పట్టే రోజు కావడం రామాంజనేయులి ఖర్మ. పదిహేను రోజులకోసారి చెరువులో విసురు వల వేసి, పడ్డ చేపల్ని తూచి, ఎంత పెరిగాయో చూసి, మేత పెంచడమో తగ్గించడమో చేస్తారు. అందుకని గట్టు మీద మూడు వెదుళ్ళు కలిపి కట్టి, వాటి నడుమ ముల్లు కాటా వేలాడదీసి ఉంది. కాటా కింద తాళ్ళతో కట్టిన నీలం టబ్బు ఉంది.

"ఎక్కు," అన్నాడు బసవయ్య టబ్బు చూపించి.

"నేనేమన్నా కట్ల చేపనా?"

"కట్లవైతే ఈపాటికి పట్టి అమ్మేసేవాళ్ళం. ఎక్కు."

రామాంజనేయులు మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని టబ్బులో కూర్చున్నాడు. వెదుళ్ళు కిర్రుమన్నాయి. ముల్లు గబగబా తిరిగి వంద దగ్గర ఆగింది. ఆ కాటాకి అంతకు మించి గీతలు లేవు. టబ్బు మూడు కిలోలు తీసేస్తే తొంభై ఏడు. తడి లుంగీ రెండు కిలోలుంటుందని రామాంజనేయులు వాదించాడు గానీ ఎవరూ పట్టించుకోలేదు.

"రేపట్నించి గెడ ముట్టుకోమాక," అన్నాడు బసవయ్య. "గట్టు మీద కూర్చో."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. కైకలూరు అవతల, కొల్లేటి అంచున ఉన్న ఆ ఊళ్ళో గట్టు మీద కూర్చునేవాళ్ళు రెండు రకాలు. చెరువుకి పెట్టుబడి పెట్టి కార్లో వచ్చి చూసుకుపోయేవాళ్ళు ఒకరు, ఇక పనికిరావులే అని కొడుకులు కూర్చోబెట్టినవాళ్ళు ఇంకొకరు. రామాంజనేయులికి కారు లేదు. ఇరవై రెండేళ్ళుగా తెల్లారితే అతని చేతిలో గెడ ఉంటుంది. గెడ లేకపోతే ఆ చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో కూడా అతనికి తెలియదు. యాభై రెండేళ్ళకే గట్టు మీద కూర్చోవడమంటే భయమేసింది.

"పదిహేను రోజులు గడువియ్యి బావా," అన్నాడు.

బసవయ్య ఆలోచించాడు. "వచ్చే శాంపిల్ నాటికి రెండు కిలోలు దిగు. ముల్లు కిందికి నడుస్తందని నాకు కనపడితే గెడ నీది. లేదంటే గట్టే."

*

తిండి మానేస్తానని రామాంజనేయులు అంటే వీరమ్మ ఒప్పుకోలేదు. కళ్ళు తిరిగి చెరువులో పడితే ఈసారి చేపలు తవుడుతో ఆగవంది. తగ్గడం కూడా డాక్టర్ని అడిగే తగ్గాలంది. మర్నాడు పొద్దున్నే ఇద్దరూ విజయవాడ బస్సెక్కారు. రేపట్నించి ఎలాగూ ఉండదు గదా అని గుడివాడ బస్టాండులో అతను ఒక పొట్లం పునుగులు తిన్నాడు. కంకిపాడులో బస్సు ఆగినప్పుడు అదే కారణం మీద ఇంకో పొట్లం తిన్నాడు.

ఆసుపత్రిలో డాక్టరు బీపీ చూసి, పక్క గదిలో ఉన్న డైటీషియన్ దగ్గరికి పంపాడు. ఆ అమ్మాయి పేరు రుచిత. పాతికేళ్ళుంటాయి. ఆ పేరు పెట్టుకుని జనం నోళ్ళు కట్టే ఉద్యోగం చేస్తోంది.

"అంకుల్, తొంభై ఏడు. ఆంటీ, మీరూ ఒకసారి ఎక్కండి."

"నాకేం రోగమమ్మా," అంటూనే వీరమ్మ చెప్పులు విడిచి, మిషన్‌కి దణ్ణం పెట్టి ఎక్కింది.

"నలభై ఆరు. ఆంటీ, మీరు కొంచెం తక్కువే ఉన్నారు," అంది రుచిత. అని, రామాంజనేయులి కాగితం మీదికి వంగింది. "అంకుల్, రోజుకి పదిహేను వందల క్యాలరీలు. అంతకు మించి వద్దు. పొద్దున గంట వాక్ చెయ్యండి."

"క్యాలరీ అంటే ఏంటమ్మా?"

"తిండిలో ఉండే శక్తి అంకుల్. తింటే లోపలికొస్తుంది. పని చేస్తే కరిగిపోతుంది. కరిగినదానికంటే ఎక్కువ తింటే ఒంటికి పడుతుంది."

రామాంజనేయులి మొహం వికసించింది. ఎన్ని కిలోల మేతకి ఎన్ని కిలోల చేప వస్తుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగల మనిషి అతను. భార్య వైపు తిరిగి, "మేతే. మేతని ఇంగ్లీషులో క్యాలరీ అంటారు," అన్నాడు.

కాగితానికి రెండు వైపులున్నాయి. ఒక వైపు తిండి: అన్నం కప్పుకి ఇంత, ఇడ్లీకి ఇంత, చేప ముక్కకి ఇంత. రెండో వైపు వ్యాయామం: గంట నడకకి రెండు వందల యాభై కరుగుతాయి, సైకిలుకి మూడు వందలు, ఈతకి నాలుగు వందలు, తోటపనికి రెండు వందలు. "ఏ కప్పమ్మా?" అని వీరమ్మ అడిగితే రుచిత తన బల్ల మీది స్టీలు కప్పు చూపించింది. వీరమ్మ దాన్ని చేత్తో ఎత్తి, లోతు వేలితో కొలిచి, తిరిగి వెళ్ళేటప్పుడు బీసెంట్ రోడ్డులో నాలుగు కొట్లు తిరిగి సరిగ్గా అలాంటిదే కొన్నది.

*

నలభై ఆరు అన్న అంకె రుచితకి ఉపయోగపడలేదు గానీ బసవయ్యకి పడింది.

"నలభై ఆరంటే బస్తా కంటే తక్కువే," అన్నాడు వీరమ్మని ఎగాదిగా చూసి. "బావ కరిగేదాకా పడవ నువ్వు తియ్యి చెల్లెమ్మా. కొల్లేట్లో పుట్టినదానివి, గెడ వెయ్యడం నీకొకళ్ళు చెప్పాలా? పైగా నువ్వు తేలిక. ఐదో బస్తా పడుద్ది."

బావ ఎక్కితే నాలుగు బస్తాలకే ఒరిగే పడవ, చెల్లెలు ఎక్కితే ఐదు మోస్తుంది. రోజుకి పది బస్తాల మేత మూడు విడతల్లో కాకుండా రెండు విడతల్లోనే అయిపోతుంది. బసవయ్యకి ఈ సంగతి తట్టగానే ఇరవై రెండేళ్ళుగా చెల్లెల్ని వృథా చేశామనిపించింది.

అలా మర్నాటి నించి పొద్దుటి పూట ఆ చెరువు దగ్గర రెండు పనులు జరిగేవి. గట్టు మీద రామాంజనేయులు తువ్వాలు తలకి చుట్టుకుని, చేతులు ఊపుకుంటూ నడిచేవాడు. చెరువులో వీరమ్మ చీర మోకాళ్ళ పైకి దోపుకుని గెడ వేసేది. చెరువంతా వెదురు కర్రలు నలభై పాతి ఉన్నాయి. ఒక్కో కర్రకి ఒక్కో చిల్లుల సంచి. పడవని కర్ర దగ్గరికి తోసి, ఖాళీ అయిన సంచిని నీళ్ళలోంచి లాగి, బస్తాలోంచి తవుడూ వేరుశనగ చెక్కా కలిపిన మేత డబ్బాతో తోడి నింపి, మూతి బిగించి, నీళ్ళలోకి దించి, పడవ మళ్ళీ తోయాలి. అలా నలభై సార్లు.

"ఎన్నో చుట్టే?" అని గట్టు మీంచి కేకేసేవాడు రామాంజనేయులు. నడిచేవాడు ఊపిరి చూసుకోవాలి కాబట్టి చుట్లు లెక్కపెట్టే పని కూడా ఆవిడదే.

"నాలుగు! ఇంకా రెండున్నాయి!" అనేది వీరమ్మ సంచి మూతి పళ్ళతో పట్టుకునే.

మొదటి రోజు ఆరు చుట్లూ తిరిగి, రామాంజనేయులు అరుగు మీద కూలబడ్డాడు. వీరమ్మ చేతులు కడుక్కుని, కాగితం రెండు వైపులా తిప్పి చూసింది. ఆవిడ ఏడో తరగతి దాకా చదివింది. ఆ చదువు ఇన్నాళ్ళకి అక్కరకొచ్చినందుకు కాస్త ఉత్సాహంగానే ఉంది.

"గంట నడిచావు. రెండొందల యాభై కరిగింది. అవునా?"

"అవును."

"మరి ఆ రెండొందల యాభై మళ్ళీ పెట్టొద్దా?"

రామాంజనేయులికి ఆ ఆలోచన రాలేదు. వచ్చాక మాత్రం చాలా న్యాయంగా కనిపించింది.

"ఆ పిల్ల పదిహేనొందలు తినమంది. నువ్వు రెండొందల యాభై కరిగించేశావు. అంటే నీ ఒంట్లో పన్నెండొందల యాభయ్యే ఉన్నట్టు. అది అన్యాయం గదా," అంది వీరమ్మ. "పనిచేసొచ్చినోడికి కూడు పెట్టకుండా పంపిన ఇల్లు కాదయ్యా ఇది. వల లాగడానికొచ్చిన కూలోళ్ళకి బంతేసి పెడతానే, కట్టుకున్న మొగుణ్ణి ఆరు చుట్లు తిప్పి ఊరికే కూర్చోబెడతానా?"

కాగితం ప్రకారం పెట్టాల్సింది పెట్టింది. ఆ మీద కరిగినదానికి బదులుగా ఇంకో కప్పు అన్నం, దాని మీద చేపల పులుసులోంచి ఒక ముక్క పెట్టింది. ముక్క ఇంతుండాలని కాగితంలో లేదు. శీలావతి చేప నడుం ముక్క పెట్టింది.

అంతకు ముందు వీరమ్మ కుండ కంటి కొలతతో వండేది. మొగుడు ఎంత తిన్నా అడుగున నాలుగు గుప్పెళ్ళు మిగిలేవి. ముప్పై ఏళ్ళుగా ఆవిడ భోజనం ఆ మిగిలిందే. ఇప్పుడు కప్పు వచ్చింది. కప్పుతో కొలిచి వండితే కుండలో ఏమీ మిగలడం లేదు. పథ్యం మనిషి ఎదురుగా ఎక్కువ వండి పెట్టుకుంటే అతని నోరూరుతుందని ఆవిడ వేరే వండుకోనూ లేదు. గంజి తాగి, పచ్చిమిరపకాయ కొరికి, మళ్ళీ పనిలో పడేది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటేనంటారు. వడ్డించేది తనే అయినప్పుడు ఏ బంతిలో కూర్చోవాలో మాత్రం ఆ సామెత చెప్పదు.

*

నాలుగో రోజుకి సంగతి ఆమోసు టీ కొట్టుకి చేరింది. ఊరు రెండు పక్షాలైంది. కరిగినదానికి మళ్ళీ పెట్టాలనేవాళ్ళు కొందరు, పెట్టకూడదనేవాళ్ళు కొందరు. రెండో పక్షానికి నాయకుడు బసవయ్య.

"కరిగిందాన్ని మళ్ళీ పోసేటప్పుడు కరిగించడం దేనికయ్యా?" అన్నాడు. "కింద తూము తీసి పైన మోటరు వేస్తే చెరువెప్పుడు ఎండుద్ది?"

"మేత తగ్గిస్తే చేప ఈదద్దు బావా," అన్నాడు రామాంజనేయులు. "ఓ మూల నిలబడుద్ది. నేను రేపు నడవాలంటే ఇవాళ మేత పడాలి. ఇది ఇరవై రెండేళ్ళ అనుభవం."

"చేపని పెంచడానికి గదా నీ అనుభవం. నువ్వు దిగాల్సినోడివి."

ఆమోసు టీ వడకడుతూ, "మా చర్చి శ్రమదినాల్లో ఒకాయన పగలంతా ఉపాసం ఉండి, పొద్దుగూకాక రెండు పూటలదీ కలిపి తినేవాడు," అన్నాడు. "ఈస్టరు నాటికి చొక్కా పట్టలా."

అందరూ నవ్వారు. రామాంజనేయులు నవ్వలేదు. అతను అప్పటికే కాగితం రెండో వైపుని బాగా చదివేసి ఉన్నాడు. కాలవలో అరగంట నడుం లోతున నిలబడితే ఈత కింద రెండు వందలన్నాడు. దొడ్లో నాలుగు బెండకాయలు కోస్తే తోటపని అన్నాడు. కరిగిందని అతను చెప్పిందల్లా వీరమ్మ నమ్మింది. నమ్మి, కప్పుతో కొలిచి మళ్ళీ పెట్టింది. పాపం, ఇద్దరూ మనస్ఫూర్తిగానే చేస్తున్నారు. అతనికి గెడ కావాలి, ఆవిడకి అతను గెడ లేకుండా మొహం వేలాడేసుకుని కూర్చోవడం చూడలేనంత ప్రేమ ఉంది.

ఆ వారంలోనే వీరమ్మ గాజొకటి చెరువులో పడింది. సంచి ముంచుతుంటే చేతి మీంచి జారి, మేతతో పాటు వెళ్ళిపోయింది. మిగతావి జారకుండా ఆవిడ మోచేతి వైపుకి తోసుకుని పైన దారం కట్టుకుంది.

"గాజులు వదులయ్యాయేంటే?" అన్నాడు రామాంజనేయులు గట్టు మీంచి.

"నీళ్ళలో నాని నాని చేతులు ముడుచుకుపోయాయిలే. ఐదో చుట్టు, నడువు."

ఎనిమిదో రోజున వాదన తెగక ముగ్గురూ కైకలూరు వెళ్ళి, ఐసు ఫ్యాక్టరీ పక్క ఎస్టీడీ బూత్‌లో ఇరుక్కున్నారు. వాళ్ళ ఊరికి అప్పటికింకా సెల్లు టవరు రాలేదు. రిసీవరు రామాంజనేయులి చెవి దగ్గర ఉంటే, బసవయ్య తల దానికి ఆనించి ఉంది. వీరమ్మ తలుపులో నిలబడి మొగుడి మొహం చూస్తోంది.

"అమ్మా రుచితమ్మా, నడిస్తే కరిగింది మళ్ళీ తినాలా, వద్దా?"

రుచిత నవ్వింది. "అది అందరూ అడిగేదే అంకుల్. అందరికీ ఒకటే జవాబు ఉండదు. బరువు తగ్గాల్సినవాళ్ళు మళ్ళీ తినకూడదు. నేను రాసిన పదిహేను వందల్లో మీ నడక కూడా చూసుకునే రాశాను."

"విన్నావా!" అన్నాడు బసవయ్య బూత్ అద్దాలు అదిరేలా.

"ఒంట్లో బరువు లేకుండా కష్టం చేసేవాళ్ళున్నారనుకోండి, వాళ్ళు మాత్రం కరిగిందంతా తినాల్సిందే అంకుల్. తినకపోతే కొవ్వుండదు కాబట్టి కండ కరుగుతుంది. అది మంచిది కాదు."

"విన్నావా!" అన్నాడు రామాంజనేయులు.

బూత్ లోంచి ఇద్దరూ గెలిచే బయటికొచ్చారు. "కష్టం చేసేవాళ్ళు తినాల్సిందేనంట," అని రామాంజనేయులు భార్యకి చెప్పాడు. ఆరు చుట్లు తిరిగేది తనే కాబట్టి కష్టం చేసేది ఎవరో అతనికి అనుమానం రాలేదు. వీరమ్మకీ రాలేదు. "నే చెప్పలా?" అని, ఆ సంతోషంలో ఆ పూట రెండు ముక్కలు వేసింది.

*

పదిహేనో రోజు పొద్దున వెదుళ్ళు మళ్ళీ లేచాయి. ముందు చేపల వంతు. బసవయ్య వల విసిరితే కూలోళ్ళు లాగారు. కట్ల తూచారు. పదిహేను రోజుల కిందట తొమ్మిది వందల గ్రాములున్నది ఇప్పుడు కిలో మీద వంద. శీలావతి కూడా బాగానే పెరిగింది. ఎర్రమోసు చేప మాత్రం ఐదు వందల దగ్గర ఎక్కడున్నది అక్కడే ఉంది. ఒకటి రెండు ఇంకా తగ్గినట్టు కూడా ఉన్నాయి. డొక్క లోపలికి పోయి, తల పెద్దదిగా కనిపిస్తున్నాయి.

"ఇదేంటి బావా? ఐదేసి బస్తాలు వేత్తంటే దీనికేం రోగం?" అన్నాడు బసవయ్య.

తన విద్య గురించి అడిగేసరికి రామాంజనేయులికి పదిహేను రోజుల తరవాత మొదటిసారి గొంతు లేచింది. మోసుని అరచేతిలో పెట్టుకుని డొక్క నొక్కి చూశాడు.

"రోగం కాదు. ఆకలి. కట్ల పైన తింటది, శీలావతి మధ్యలో తింటది, మోసు అడుగున ఉంటది. పైనోళ్ళు తినగా జారింది దానికి. ఇప్పుడు పైనోడు మొత్తం ఊడ్చేస్తన్నాడు. అడుక్కి ఏం అందట్లా. అది అడగదు, పైకి రాదు, ఊరికే చిక్కిపోద్ది. మేత పెంచితే లాభం లేదు. సంచి కిందికి దించాలి."

"అదీ మాట," అని బసవయ్య మెచ్చుకున్నాడు. "సరే, ఇప్పుడు నువ్వెక్కు."

రామాంజనేయులు పొడి లుంగీ కట్టుకొచ్చాడు. జేబులోంచి బీడీలు, అగ్గిపెట్టె తీసి పక్కన పెట్టాడు. మెళ్ళో తాయెత్తు కూడా తీద్దామా అని ఒక క్షణం ఆలోచించి, దేవుడితో ఎందుకని ఊరుకున్నాడు. దిగితే ముల్లు తొంభై ఎనిమిది దగ్గర ఆగాలి. టబ్బులో కూర్చుని కళ్ళు మూసుకున్నాడు.

వెదుళ్ళు కిర్రుమనడం ఆగాక కళ్ళు తెరిచాడు. ముల్లు వంద దాటి, గీతలు లేని చోటికి పోయి ఆగి ఉంది.

"ఎంత?" అన్నాడు నీరసంగా.

"అంత చెప్పడానికి ఈ కాటా చాలదు," అన్నాడు బసవయ్య. "దిగు. గట్టు మీద ఆ పాక పక్కన నీడ బావుంటది. కుర్చీ కూడా వేయిత్తాలే."

రామాంజనేయులు దిగి, బీడీలు మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. నవ్విన కూలోళ్ళు కూడా అతని మొహం చూసి ఆపేశారు. వీరమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తను వండి పెట్టిందే మొగుణ్ణి ముంచిందని అప్పటికి ఆవిడకి అర్థమైంది.

"నువ్వు రా చెల్లెమ్మా," అన్నాడు బసవయ్య. "ఇంక పడవ నీదే గదా. నువ్వూ కూర్చో టబ్బులో. ఆరో బస్తా పడుద్దేమో చూద్దాం."

వీరమ్మ కొంగు నడుంకి దోపుకుని కూర్చుంది. వెదుళ్ళు కిర్రుమనలేదు. టబ్బు గాలికి కొద్దిగా ఊగింది.

"నలభై ఆరు," అన్నాడు బసవయ్య ముల్లు చూసి.

"ఆస్పత్రిలో చెప్పిందే గదా," అంది వీరమ్మ.

"టబ్బు మూడు తీసెయ్యవే. నలభై మూడు! పడుద్ది, ఆరో బస్తా పడుద్ది!"

రామాంజనేయులు ముల్లు వైపు చూశాడు. మూడు కిలోలు. తను దిగలేకపోయిన రెండు, ఆ పైన ఇంకొకటి. మోచేతి దాకా ఎక్కించి దారం కట్టిన గాజులు చూశాడు. గట్టు మీద పడున్న మోసు వంక చూశాడు. తను ఇప్పుడే అందరూ వినేలా చెప్పిన మాటలన్నీ ఒకటొకటిగా వెనక్కి వచ్చి చెంపలు వాయించాయి. పదిహేను రోజులు ఆరేసి చుట్లు తిరుగుతూ, ఎన్నో చుట్టు అని మాత్రమే ఆ పడవ వైపు చూశాడు. సిగ్గుతో చచ్చిపోయాడు మనిషి.

"దింపు బావా," అన్నాడు.

"ఏంటి?"

"ఆరో బస్తా. ఐదోది కూడా." అతను ఊగుతున్న టబ్బుని పట్టి ఆపాడు. "ఆ పిల్ల ఫోన్లో చెప్పిన రెండో మాట నా గురించి కాదు."

"ఏం మాట?" అంది వీరమ్మ టబ్బులోంచి.

"బరువు లేకుండా కష్టం చేసేవాళ్ళు కరిగిందంతా తినాల్సిందేనంది గదా. అది నీకేనే. నీకు రావాల్సింది నేను తినేశా."

వీరమ్మ తన మణికట్టు తనే రెండు వేళ్ళతో చుట్టి చూసుకుంది. వేళ్ళు కలిసి ఇంకా ఒకటి మీదికొకటి వచ్చాయి. తన ఒళ్ళు తను చూసుకోవడం ఆవిడకి అలవాటు లేదు. చూసుకున్నాక మాత్రం కోపం వచ్చింది.

"అన్నయ్యా, మూడు బస్తాలు వేసుకుంటే ఈయన కింద పడవ ఒరుగుద్దా?"

బసవయ్య నసిగాడు. మూడు బస్తాలైతే ఒరగదని ఆ ముగ్గురికీ నెల రోజులుగా తెలుసు. "ఒరగదు గానీ, నాలుగు ట్రిప్పులవుద్ది. పొద్దెక్కిపోద్ది."

"ఎక్కనియ్యి. రేపట్నించి గెడ ఆయన వేత్తాడు. నలభై సంచులూ ఆయనే నింపుతాడు."

"పందెంలో ఓడిపోయాడు గదే!"

"పందెం మీ ఇద్దరిది. చిక్కింది నేను." వీరమ్మ టబ్బు తాడు పట్టుకుని లేచి నిలబడింది. "ఇంకోటి కూడా విను. ఆ కాగితంలో నడకుంది, సైకిలుంది, ఈతుంది. గెడ వెయ్యడం లేదు. కాగితంలో లేనిదానికి నేను మళ్ళీ పెట్టేది లేదు."

బసవయ్య చెల్లెలి మొహం చూసి, ఆవిడ దిగడానికి టబ్బు వంచి పట్టుకున్నాడు.

ఆ మధ్యాహ్నం వీరమ్మ కుండ నిండా వండింది. రామాంజనేయులు పీట వేసి, ఆవిణ్ణి కూర్చోమన్నాడు. ఆవిడ లేచి గరిటె అందుకోబోతే చెయ్యి పట్టుకుని మళ్ళీ కూర్చోబెట్టాడు. ఎప్పుడూ తన కంచంలో పడే చేప తలకాయ తీసి ఆవిడ కంచంలో వేశాడు. ఎదురుగా ఒకడు కూర్చుని చూస్తుంటే ఎలా తినాలో తెలియక వీరమ్మ మొదట నాలుగు ముద్దలు తల వంచుకునే తింది. తరవాత తలకాయ చేత్తో ఎత్తి, శ్రద్ధగా, ఎముక ఎముకా విడదీసుకుని జుర్రుకుంది. అన్నం ఇంకొంచెం వెయ్యమని తనే అడిగింది. ఆవిడ చెయ్యి కడిగాక రామాంజనేయులు స్టీలు కప్పు తీసుకుని తనకి కొలుచుకున్నాడు. ఒక్క కప్పు, అంచు దాకా.

మర్నాడు పొద్దున మూడో ట్రిప్పుకే రామాంజనేయులి బనీను తడిసి ఒంటికి అంటుకుపోయింది. చేతుల్లో గెడ ఉంది కాబట్టి అది పెద్ద బాధగా లేదు. గట్టు మీద పాక నీడలో, బసవయ్య వేయించిన కుర్చీలో వీరమ్మ కూర్చుని ఉంది. ఒళ్ళో పళ్ళెం, పళ్ళెంలో నిన్నటి పులుసు కలిపిన చద్దన్నం. మూడు విడతలుగా చూస్తున్నాడు, ఆ పళ్ళెం ఖాళీ కావడం లేదు.

"ఇంకా ఎంత తింటావే?" అని కేకేశాడు పడవలోంచి.

వీరమ్మ ముద్ద మింగి తాపీగా చెప్పింది. "ఇది మొదటి రోజుది. ఇంకా పద్నాలుగు రోజులది ఉంది. నువ్వు తొయ్యి."

రామాంజనేయులు గెడ వేశాడు. పడవని పక్క కర్ర దగ్గరికి తోసి, సంచి లాగి నింపి, ఈసారి జానెడు కిందికి దించి కట్టాడు.